గీత పడని ప్లేటు

ఆ రోజుల్లో నిద్ర లేవగానే కళ్లు తెరిచేవాణ్ని కాదు. తెరిస్తే కిటికీలోంచి వెలుతురు వచ్చి నేరుగా కణతల మీద కొట్టేది. అందుకని కళ్లు మూసుకునే, రెండు బొటనవేళ్లతో కణతలు నొక్కి చూసుకునేవాణ్ని, నొప్పి ఉందా లేదా అని. ఉండేది. ఆ నొప్పి నలభై రోజుల్లో ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదు. అదే మనిషైతే పిలిచి నా దగ్గర పనిలో పెట్టుకునేవాణ్ని.

నా పని పళ్లు చేయడం. డాక్టర్ని కాదు. పళ్ల డాక్టర్లు నోట్లో అచ్చు తీసి పంపిస్తారు. నేను ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి దవడ బొమ్మ తీసి, మైనంతో చిగుళ్లు కట్టి, ఒక్కో పన్నూ పేర్చి, కట్టుడు పళ్ల సెట్టు చేసి పంపిస్తాను. వీధిలో నన్ను పళ్ల మేస్త్రి అంటారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పని. మా చుట్టుపక్కల ముసలివాళ్లు నలుగురు నవ్వితే అందులో ఇద్దరి నవ్వు నా చేతిదే. నన్ను చూసి మాత్రం ఎవరూ నవ్వరు, నా మొహం అలాంటిది.

ఇంటి ముందు గది నా పనిగది. కిటికీ కింద బల్ల, బల్ల మీద పాలిష్ మోటారు, దాని పక్కన మెడ వంచుకున్న దీపం. మూడు గోడలకీ అరలు, అరల నిండా తెల్లటి దవడలు, ప్రతి దవడ మీదా పెన్సిల్‌తో రాసిన నంబరు. ప్లాస్టిక్ పొడిని తడిపి ముద్ద చేయడానికి ఒక ద్రవం కలుపుతాం. దాని ఘాటు వాసన ఇల్లంతా ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు. మాకు అలవాటైపోయింది. మాకు అంటే నాకూ మా అమ్మాయికీ. అమ్మాయి పోస్టాఫీసులో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. మా ఆవిడ పోయి అప్పటికి పద్నాలుగు నెలలైంది.

ఆవిడకీ ఇలాగే మొదలైంది. పొద్దున లేచేసరికి తలనొప్పి. చివరికి తలలో గడ్డ అని తేలింది. పెళ్లానికి వచ్చిన గడ్డ మొగుడికి అంటుకోదని నాకూ తెలుసు, అంత మూర్ఖుణ్ని కాను. కానీ ఇద్దరం పీల్చింది ఒకటే గాలి కదా! ఆ ద్రవం వాసనే ఆవిడ తలలో చేరి గడ్డ కట్టిందనీ, ఇప్పుడు నా తలలో కడుతోందనీ, తర్వాత పక్కగదిలో పడుకున్న పిల్ల తలలో కడుతుందనీ నాకో అనుమానం పట్టుకుంది. పట్టుకుంటే వదిలే రకం కాదది.

ఆవిడకి మొదలైనప్పుడు నేనేం చేశానో చెప్పాలి. అది దాటేసి మిగతాది చెప్తే నా తలనొప్పి సంగతి ఎవరికీ అర్థం కాదు.

ఒకరోజు పొద్దున నేను మొహం కడుక్కుంటుంటే ఆవిడ వంటింటి గుమ్మానికి ఆనుకుని, నుదురు పట్టుకుని నిలబడింది.

"ఏమండీ, నాలుగు రోజులుగా లేచేసరికి తల పగిలిపోతోందండీ. ఒకసారి డాక్టరుకి చూపించుకోనా?"

"ఎక్కడ నొప్పి?"

"ఇదిగో, ఇక్కడ" అని రెండు కణతలూ చూపించింది.

ఇంకేముంది, నాకు తెలిసిపోయింది. నిద్రలో పళ్లు కొరికేవాళ్లకి పొద్దున్నే కణతల దగ్గర నొప్పి వస్తుంది. రాత్రంతా దవడలు బిగించి కొరికి కొరికి, తెల్లారేసరికి ఆ కండరాలు అలిసిపోతాయి. అలాంటివాళ్ల కోసం డాక్టర్లు నా చేత ప్లేటు చేయిస్తారు. గాజులాంటి గట్టి ప్లాస్టిక్‌తో, పైపళ్ల మీద టోపీలా సరిగ్గా కూర్చునేలా చేస్తాం. రాత్రి పెట్టుకుని పడుకుంటే పళ్లు పళ్లని కొరకవు, ప్లేటుని కొరుకుతాయి. నెలకి నాలుగైదు చేస్తుంటాను. చేసినప్పుడల్లా ఆ మనిషి వయసు, కంప్లయింటు చీటీ మీద రాసి ఉంటాయి. పొద్దున తలనొప్పి, పొద్దున తలనొప్పి, పొద్దున తలనొప్పి. ఇన్ని చీటీలు చదివినవాడికి ఇంకా డాక్టరెందుకు?

"నువ్వు నిద్రలో పళ్లు కొరుకుతున్నావే" అన్నాను.

"నేనా? మీరెప్పుడైనా విన్నారా?"

"నేను పడుకుంటే పిడుగు పడ్డా లేవను. నాకెలా వినిపిస్తుంది?"

"మరి ఎలా తెలుసు?"

"ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని. నాకు చెప్తున్నావా నువ్వు?"

ఆవిడ చెప్పలేదు. ఎప్పుడూ చెప్పేది కాదు. సాయంత్రం పనిగదిలో స్టూలు మీద కూర్చోబెట్టి నేనే అచ్చు తీశాను. నోటి నిండా అచ్చు ముద్ద పెట్టుకుని, చొంగ కారుస్తూ, కళ్లతోనే నవ్వింది. ముద్ద తీశాక మూతి తుడుచుకుంటూ, "పెళ్లయిన ఇరవై ఏడేళ్లకి ఇవాళ నా నోరు మూయించారు. ఇన్నాళ్లూ మీవల్ల కాలేదు" అంది. మా అమ్మాయి పడీపడీ నవ్వింది. నేనూ నవ్వానేమో.

నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ ప్లేటూ చేయలేదు. డబ్బాల్లో ఉన్నవాటిలో అన్నిటికంటే గట్టి సరుకు వాడాను. రెండు గంటలసేపు పాలిష్ పట్టాను. ఆవిడ ఏడు నెలలు ఒక్క రాత్రి మానకుండా పెట్టుకుంది. రోజూ పొద్దున అడిగేవాణ్ని, "ఎలా ఉంది?" అని. "కాస్త నయమేనండీ" అనేది. నెలకోసారి ఆ ప్లేటు నేనే తీసుకెళ్లి, దీపం కింద పెట్టి, బ్రష్షుతో శుభ్రం చేసేవాణ్ని. ఒకసారి దాన్ని మా అమ్మాయికి చూపించి, "చూశావా, ఇన్ని నెలలు వాడినా ఒక్క గీత పడలేదు. నా సరుకంటే అదీ!" అన్నాను. ఆవిడ వెనకనుంచి, "చాల్లెండి, మీ గొప్ప మీరే చెప్పుకోవాలి" అంది.

ఎనిమిదో నెలలో ఒక పొద్దున ఆవిడ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టబోయి, బల్ల లేనిచోట పెట్టింది. గ్లాసు కింద పడి పగిలింది. చూసుకోలేదంది. మర్నాడు ఇంకో గ్లాసు, అలాగే, ఎడమ పక్కనే. ఆ సాయంత్రం మా అమ్మాయి నన్నడగకుండా వాళ్లమ్మని ఆస్పత్రికి తీసుకెళ్లింది. నేను వెనకాల పరిగెత్తాను.

స్కాన్ చూసిన డాక్టరు అడిగాడు, "తలనొప్పి ఎన్నాళ్లనుంచి ఉందమ్మా?"

ఆవిడ నా వైపు చూసింది. అడిగిన డాక్టరు వైపు కాదు, నా వైపు. తర్వాత అటు తిరిగి, "ఈమధ్యేనండీ. పది, పదిహేను రోజులుంటుందేమో" అంది.

నేను నోరు మెదపలేదు. మా అమ్మాయీ మెదపలేదు.

ఆపరేషన్ తర్వాత పదకొండు వారాలు బతికింది. వరండాలో ఆ డాక్టరు ఒకసారి నాతో, "ఇంకాస్త ముందు తెలిసుంటే" అని ఆగిపోయాడు. తెలిసుంటే ఏమయ్యేదో నేను అడగలేదు. అడగకపోబట్టే ఆ తర్వాత నాలుగు ముద్దలు తినగలిగాను.

నేను పట్టుకుని బతికిన మాట ఒకటుంది. ఆవిడకి రెండూ ఉన్నాయి. పళ్లు కొరికే జబ్బూ ఉంది, గడ్డా ఉంది. నేను చెప్పింది తప్పు కాదు, సగం చెప్పాను అంతే. మిగతా సగం ఎవరికి మాత్రం కనిపించేది? బల్ల దగ్గర కూర్చుని ఏ దవడ చేస్తున్నా లోపల ఈ మాటే తిప్పుకుంటూ ఉండేవాణ్ని. నా చేతిలో మిగిలింది ఆ ఒక్క మాటే.

పద్నాలుగో నెలలో నాకు తలనొప్పి మొదలైంది. మొదట దాచాను. మాత్రల అట్టలు మైనం డబ్బాలో పెట్టేవాణ్ని. అమ్మాయికి ఎలాగో దొరికాయి.

"ఇవేంటి నాన్నా?"

"ఒళ్లు నొప్పులకి."

"ఒళ్లు నొప్పులకైతే మైనంలో దాచడమెందుకు?" అని నా ఎదురుగా కూర్చుంది. "తల కదూ?"

ఒప్పుకున్నాను. తను ఆ అట్టలు బల్ల మీద పెట్టింది. తర్వాత నెమ్మదిగా, "నాన్నా, నువ్వు నిద్రలో పళ్లు కొరుకుతున్నావు. గోడ ఇవతల నాకు వినిపిస్తోంది. రెండు నెలలుగా ఇదే తంతు" అంది.

నాకు ఒళ్లు తెలీలేదు. చేతిలో మైనం చెక్కే కత్తి ఉంటే బల్లకేసి కొట్టాను. "ఆ మాట ఈ ఇంట్లో ఇంకోసారి వినిపించకూడదు. తలనొప్పికి పళ్లు కారణమా? సిగ్గు లేదూ ఆ మాట అనడానికి?"

ఎవర్ని తిట్టానో నాకూ తెలుసు, తనకీ తెలుసు. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ తను లేవలేదు.

"అమ్మ అబద్ధం చెప్తుంటే నేనూ నోరు మూసుకుని నిలబడ్డాను. నీ విషయంలో మూసుకోను. పళ్లో, గడ్డో, ఏదో ఒకటి తేలాలి. స్కాన్ తీయించుకుందాం పద."

"చూద్దాంలే" అన్నాను. చూడలేదు. తేలితే అదేనని తేలుతుంది కదా అని భయం. నిజం చెప్పొద్దూ, ఒక్కోసారి అది భయమో ఆశో నాకే తెలిసేది కాదు. ఆవిడకి వచ్చిందే నాకూ వస్తే, ఎక్కడైనా ఆవిడ ఎదురైతే తలెత్తుకుని మాట్లాడొచ్చు అనిపించేది. అలా అనుకున్న మరుక్షణం పిల్ల గుర్తొచ్చేది. నేనూ పోతే ఈ దవడల మధ్య తను ఒక్కతే. అప్పుడు లేచి కిటికీలన్నీ బార్లా తీసేవాణ్ని. వాసన డబ్బా పెరట్లో పెట్టొచ్చేవాణ్ని. రోజూ పొద్దున వంటింట్లోకి వెళ్లి, "నీకు తల నొప్పిగా ఉందా?" అని అడిగేవాణ్ని. "లేదు నాన్నా" అనేది. రెండో వారానికి, "లేదు మహాప్రభో" అనేది.

ఒకరోజు అలాగే అడిగితే, తను గిన్నె తోముతూ, "ఇవాళ కాస్త ఉంది" అంది.

గుమ్మం పట్టుకున్నాను. "ఎక్కడ? కణతల దగ్గరేనా?"

"నిద్ర లేక నాన్నా! నువ్వు రాత్రంతా పిండి మర ఆడిస్తే నాకు నిద్రెలా పడుతుంది?"

ఆ మాట నా చెవికెక్కలేదు. చొక్కా వేసుకున్నాను. "పద, ఇప్పుడే. ఇద్దరం తీయించుకుందాం."

తనకి స్కాన్ అక్కర్లేదంది ఆస్పత్రిలో డాక్టరమ్మ. నాకు తీశారు. ఆ గొట్టంలో పడుకున్నంతసేపూ దడదడమని చప్పుడు. ఆవిడ కూడా ఇదే చప్పుడు విని ఉంటుంది. అప్పుడేం అనుకుందో? నన్ను తిట్టుకుందా? తిట్టుకుని ఉంటే బాగుండును. ఆ రోజు బయటికి వచ్చాక ఆవిడ, "మీ మోటారు చప్పుడు కంటే కాస్త ఎక్కువుందండీ" అంది తప్ప ఇంకేమీ అనలేదు. నేను కళ్లు మూసుకుని, దవడలు బిగబట్టుకుని, బొమ్మలా పడుకున్నాను.

సాయంత్రానికి చెప్పారు. తలలో ఏమీ లేదు.

"ఏమీ లేదంటే?" అన్నాను.

"ఏమీ లేదంటే ఏమీ లేదని" అని డాక్టరమ్మ లేచి వచ్చి, రెండు బొటనవేళ్లతో నా బుగ్గల వెనక, చెవుల ముందు నొక్కింది. కెవ్వుమన్నాను. "నిద్రలో పళ్లు కొరుకుతారా?"

నేను జవాబు చెప్పేలోపే మా అమ్మాయి, "కొరుకుతాడండీ, వీధంతా లేచేటట్టు" అంది.

"దవడ కండరాలు రాయిలా ఉన్నాయి. తలనొప్పి అక్కణ్నుంచే. మనసులో ఏదైనా బెంగ పెట్టుకుంటే ఇలా అవుతుంది. పళ్ల డాక్టరు దగ్గరికెళ్లి ప్లేటు చేయించుకోండి." అంతలో కాగితం మీద నా పని చదివినట్టుంది, నవ్వింది. "అయితే మీ మందు మీ చేతుల్లోనే ఉందన్నమాట!"

ఆ ద్రవం వాసన గురించి అడిగాను. మా ఆవిడ గురించి చెప్పాను. తలనొప్పి పదిహేను రోజులనే చెప్పాను, ఆవిడ చెప్పినట్టే. ఆ వాసనకి తల బరువెక్కొచ్చు, కిటికీలు తెరుచుకుని పనిచేయండి, కానీ ఆ గడ్డ దానివల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు, మీరు ఊరికే తల పాడుచేసుకోకండి అంది.

బయటికి రాగానే మా అమ్మాయి మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూ నవ్వింది. పద్నాలుగు నెలల తర్వాత దాని నవ్వు చూశాను. "నన్ను చంపేశావు కదా నాన్నా" అంది. నేను భుజం తట్టాను. ఆ పిల్లకి ఎంత సంతోషంగా ఉందో నాకు కనిపిస్తూనే ఉంది గానీ, నా లోపల ఏమీ కదల్లేదు. నాకు ఏమీ లేదట. మామూలు పళ్ల జబ్బట. ఆవిడకి నేను చెప్పిన జబ్బు, నాకు ఉందట.

మర్నాడు నా నోటికి నేనే అచ్చు తీసుకున్నాను. ప్లేటు చేశాను. చేతికి అందిన డబ్బానే తీశాను, చూస్తే అది ఆవిడకి వాడిన గట్టి సరుకే. పాలిష్ మీద పెద్దగా మనసు పెట్టలేదు. ఆ రోజు నుంచీ పెట్టుకుని పడుకున్నాను. నాలుగో రోజుకి నొప్పి కాస్త పల్చబడింది. పదో రోజుకి లేచాక గంటలో పోయేది. పదహారో రోజు కళ్లు మూసుకునే కణతలు నొక్కి చూసుకున్నాను. లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కాను. లేదు. కళ్లు తెరిచాను. వెలుతురు ఊరికే వెలుతురులా ఉంది.

ప్లేటు తీసి కడిగి, శుభ్రం చేద్దామని బల్ల దగ్గరికి తీసుకెళ్లి దీపం వేశాను.

రెండు పక్కలా నమిలేసి ఉంది. వెనక దంతాలు ఆనేచోట గీతలు గీతల మీద పడి తెల్లగా గీసుకుపోయింది. కుడిపక్క ఒకచోట గోరు దిగేంత గుంట. పదహారు రోజుల్లో! అంత గట్టి సరుకుని, పదహారు రోజుల్లో!

అలా చూస్తూ ఉన్నాను. తర్వాత నా చేయి దానంతటదే పై అరలోకి వెళ్లింది. అక్కడ దవడల వెనక ఆవిడ ప్లేటు పెట్టిన డబ్బా ఉంది. పోయాక ఒక్కసారి కూడా తెరవలేదు. తెరిచాను. నా ప్లేటు పక్కనే దీపం కింద పెట్టాను.

నేను రెండు గంటలసేపు పట్టిన పాలిష్ అలాగే ఉంది. దీపం అందులో కనిపిస్తోంది. అటు తిప్పాను, ఇటు తిప్పాను. గోరుతో మొదటి పన్ను దగ్గర్నుంచి చివరి పన్ను దాకా గీరుకుంటూ వెళ్లాను. ఎక్కడా గోరు ఆగలేదు. ఏడు నెలలు. ఆవిడ ఒక్క రాత్రి కూడా పళ్లు కొరకలేదు. రెండూ లేవు, ఒక్కటే ఉంది. నేను చెప్పింది సగం కాదు. మొత్తం తప్పు.

ఆఫీసుకి తయారై మా అమ్మాయి గదిలోకి వచ్చింది. రోజూ చేసినట్టే నా నుదుటి మీద చేయి పెట్టింది.

"ఎలా ఉంది నాన్నా ఇవాళ?"

"లేదు."

"అసలు లేదా?"

"అసలు లేదమ్మా."

"హమ్మయ్య!" అని నా తల మీద ముద్దు పెట్టింది. బల్ల మీద నా ప్లేటు చూసి చేతిలోకి తీసుకుంది. "అమ్మో, ఎలా నమిలేశావో చూడు! రాళ్లు పెట్టినా అరిగిపోయేవి. పాపం నీ సరుకు!" నవ్వుతూనే దాన్ని పెట్టేసి రెండోది తీసుకుంది. వెలుతురులో పైకెత్తి చూసింది. "ఇదేంటి, అప్పుడే కొత్తది చేసేసుకున్నావా?"

అవునని చెప్పొచ్చు. ఒక్క మాట. నోటిదాకా వచ్చింది కూడా. ఆవిడ నాకోసం చెప్పిన అబద్ధం ఒకటి చాలు ఈ ఇంటికి అనిపించింది.

"కాదమ్మా. అది అమ్మది."

దాని మొహం మీద నవ్వు ఇంకాసేపు అలాగే ఉండిపోయింది, తీయడం మర్చిపోయినట్టు. దవడల మధ్య పుట్టి పెరిగిన పిల్ల, దానికి విప్పి చెప్పాల్సిన పనేముంది? కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. గోరు పెట్టి చూసింది, నాలాగే, మొదటి పన్ను నుంచి చివరి పన్ను దాకా. తిరిగి వచ్చి డబ్బాలో పెట్టి, మూత టక్కున పడేదాకా నొక్కింది. ఆఫీసు సంచీ భుజానికి ఉండగానే స్టూలు మీద కూర్చుంది, వాళ్లమ్మ అచ్చు ఇవ్వడానికి కూర్చున్న స్టూలు.

డబ్బా వైపు చూస్తూ అడిగింది, "నెలనెలా నువ్వే కదా నాన్నా దీన్ని శుభ్రం చేసేవాడివి?"

"అవునమ్మా."

"ఈ దీపం కిందేనా?"

"ఈ దీపం కిందే."

ఆఫీసుకి వెళ్లే వేళ దాటిపోయింది, తను లేవలేదు. నేను కణతలు నొక్కి చూసుకున్నాను, అలవాటుగా. ఎక్కడా నొప్పి లేదు.